పాత మల్టీమీటరు మాట నమ్మవచ్చా?

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు, ముంబయిలోని లామింగ్టన్ రోడ్డు. ఎలక్ట్రానిక్స్ మీద మోజున్న విద్యార్థులకు ఈ పేర్లు కొత్తకావు. రెసిస్టర్లో ట్రాన్సిస్టర్లో కొనడానికి వెళ్ళినప్పుడు ఏదో ఒక దుకాణం మూలన, పాత సామాను గుట్టలో, బరువైన ఒక పెట్టె మీ కంటబడే ఉంటుంది. ముందువైపు అంకెల తెర, నాలుగైదు సాకెట్లు, వరుసగా బటన్లు. ఏ కర్మాగారంలోనో, పరిశోధనశాలలోనో ఇరవై ముప్ఫై ఏళ్ళు పనిచేసి, వేలంలో అమ్ముడై ఇక్కడికి చేరిన బెంచి మల్టీమీటరు అది. "పనిచేస్తుందా?" అని అడిగితే దుకాణదారు ప్లగ్గు పెట్టి చూపిస్తాడు. తెర వెలుగుతుంది. అంకెలు కనబడతాయి. "చూశారుగా, బ్రహ్మాండంగా ఉంది" అంటాడు.

పాత రేడియో కొంటే పాట వినబడితే చాలు. పాత ఫ్యాను కొంటే తిరిగితే చాలు. కొలిచే పరికరానికి ఆ పరీక్ష సరిపోదు. 5 వోల్టులున్న చోట 4.87 చూపించే మీటరు కూడా చూడటానికి చక్కగా పనిచేస్తున్నట్టే ఉంటుంది. అందువల్ల పాత మీటరును బాగుచేయడమంటే దుమ్ము దులిపి, చెడిన భాగాలు మార్చడంతో అయిపోదు. దాని మాటకు మళ్ళీ విలువ వచ్చేలా చేయాలి. ఆ పనిలో ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి అన్నది చాలా ముఖ్యం. ఒక్కోసారి మంచి ఉద్దేశంతో చేసిన చిన్న మరమ్మతే మీటరుకు ఉన్న అసలు విలువను క్షణంలో తుడిచేస్తుంది.

ఆ పెట్టెలో ఏముంది?

విద్యుత్ ప్రవాహం, వోల్టేజి, నిరోధం మూడింటినీ ఒకే పరికరంతో కొలవాలన్న ఆలోచన బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డోనాల్డ్ మెకాడీకి వచ్చింది. పనికి వెళ్ళిన ప్రతిచోటికీ వేరువేరు మీటర్లు మోసుకుపోవడం ఆయనకు విసుగనిపించింది. ఆయన రూపొందించిన మీటరు 1923లో 'ఏవో' పేరుతో మార్కెట్టులోకి వచ్చింది. ఆంపియర్, వోల్టు, ఓము అనే మాటల ఇంగ్లీషు మొదటి అక్షరాలను కలిపితే వచ్చే పేరు అది. 1951లో వచ్చిన 'ఏవో 8' నమూనా ఎంత ఆదరణ పొందిందంటే, దాని తరువాతి రూపాలు 2008 దాకా తయారవుతూనే ఉన్నాయి.

ఏవో మీటరులో ఉండేది మీరు ఇంటర్మీడియట్‌లో చదువుకున్న కదిలే తీగచుట్ట గాల్వనామీటరే. ముల్లు కదలాలంటే కొలిచే సర్క్యూట్ నుంచే కాస్త ప్రవాహం తీసుకోవాలి. ఏవో 8 నిరోధం వోల్టుకు 20,000 ఓములు. అంటే 10 వోల్టుల రేంజిలో పెట్టినప్పుడు అది 2 లక్షల ఓముల నిరోధంలా ప్రవర్తిస్తుంది. ఇప్పుడు ఒక 9 వోల్టుల బ్యాటరీకి చెరో 2 లక్షల ఓములున్న రెండు రెసిస్టర్లను శ్రేణిలో కలిపారనుకోండి. ఒక్కోదాని మీద 4.5 వోల్టులు ఉండాలి. ఏవో తగిలిస్తే 3 వోల్టులే చూపిస్తుంది. మీటరు తప్పు చెప్పలేదు. దాన్ని తగిలించగానే సర్క్యూటే మారిపోయింది. లెక్క వేసి చూడండి, సరిగ్గా 3 వస్తుంది. అదే 1 కోటి ఓముల నిరోధం ఉన్న డిజిటల్ మీటరు అయితే దాదాపు 4.46 చూపిస్తుంది.

డిజిటల్ వోల్టుమీటరును అమెరికాలో ఆండ్రూ కే 1950ల తొలినాళ్ళలో తయారు చేశాడు. ఆ తరువాత వచ్చిన బెంచి మీటర్లు చాలావాటిలో ఉన్నది ఒక చక్కటి ఉపాయం. దాన్ని నీళ్ళ తొట్టితో పోల్చి చెప్పుకుందాం. ఒక కొళాయి నుంచి సెకనుకు ఎన్ని నీళ్ళు వస్తాయో మీకు తెలియదు. దాన్ని సరిగ్గా 20 సెకన్లు తొట్టిలోకి వదిలి కట్టేశారు. తొట్టి అడుగున ఒక తూము ఉంది, అందులోంచి సెకనుకు లీటరు పోతుందని ముందే తెలుసు. తూము తెరిచి, తొట్టి ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టిందో చూశారు. 30 సెకన్లు పట్టింది. అంటే తొట్టిలో 30 లీటర్లు చేరాయి, కొళాయి సెకనుకు లీటరున్నర ఇస్తోంది. తొట్టి ఎంత పెద్దదో తెలియనక్కరలేదు, రెండు సమయాల నిష్పత్తి తెలిస్తే చాలు.

మీటరులో తొట్టి ఒక కెపాసిటర్. కొళాయి మీరు కొలుస్తున్న వోల్టేజి. తూము మీటరు లోపలే ఉండే ప్రమాణ వోల్టేజి. నింపే సమయాన్ని 20 మిల్లీసెకన్లుగానో, దానికి గుణిజాలుగానో పెడతారు. కారణం మన కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ కావడం. దాని ఒక ఆవర్తనం సరిగ్గా 20 మిల్లీసెకన్లు. గోడలోని తీగల నుంచి మీ సర్క్యూట్లోకి చొరబడే గుర్రుమనే అలజడిలో ధన భాగం, రుణ భాగం ఆ వ్యవధిలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అమెరికాలో సరఫరా 60 హెర్ట్జ్. అక్కడి నుంచి వచ్చిన మీటరును ఆ అమరికలోనే వదిలేస్తే ఇక్కడ చివరి అంకెలు నిలకడ లేకుండా ఆడుతుంటాయి. చాలామంది దాన్ని మీటరు చెడిపోవడం అనుకుంటారు. అమరిక మారిస్తే అంకెలు కుదురుకుంటాయి.

ఇక తూము సంగతి. ఎల్ఎమ్399 అనే ప్రమాణ చిప్పును పేరున్న మీటర్లలో చాలాకాలంగా వాడుతున్నారు. అందులో దాదాపు 6.95 వోల్టుల జీనర్ డయోడ్, దాని పక్కనే ఒక బుల్లి హీటరు ఉంటాయి. బయట చలైనా ఎండైనా జీనర్‌ను ఆ హీటరు సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబెడుతుంది. బయటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే ప్రమాణ వోల్టేజిలో వచ్చే తేడా పది లక్షల్లో రెండు పాళ్ళకు మించదు. మీటరు స్విచ్ వేసిన వెంటనే కాకుండా గంట తరువాత రీడింగు తీసుకోమని తయారీదారులు చెప్పేది ఇలాంటి భాగాలు కుదుటపడటానికే.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. తూము ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా మారిపోతే మీటరు చూపే వోల్టేజిలన్నీ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి. ఈ సంగతితో మనకు చివర్లో పని ఉంది.

కొనేముందు

ముందుగా ఒక మాట. మీ మొట్టమొదటి మీటరు ఇది కాకూడదు. చేతిలో ఇమిడే చవక డిజిటల్ మీటరు ఒకటి మీ దగ్గర ఉండాలి, ఎందుకంటే పాతదాన్ని పరీక్షించడానికి అదే ఆధారం. మరి అది ఉండగా ఇది దేనికి? చవక మీటరులో లెక్క 1999తో ఆగిపోతుంది. 1980ల తొలినాళ్ళలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ తెచ్చిన 3478ఎ నమూనాలో 3,03,000 దాకా పోతుంది. దాని అతి చిన్న రేంజి 30 మిల్లీవోల్టులు, అందులో చివరి అంకె విలువ ఒక మైక్రోవోల్టులో పదో వంతు. కె రకం థర్మోకపుల్ ఒక డిగ్రీకి ఇచ్చేది దాదాపు 41 మైక్రోవోల్టులు. వేలితో తాకగానే దాని ఉష్ణోగ్రత ఎలా పెరిగి ఎలా కుదుటపడుతుందో, డిగ్రీలో వందో వంతు కన్నా చిన్న మెట్లలో చూడవచ్చు. చవక మీటరులో అదే ప్రయోగం రెండు మూడు అంకెలు ఎగిరి ఆగిపోతుంది.

అయితే అంకెలు ఎక్కువ ఉండటమూ, అవి ఖచ్చితంగా ఉండటమూ ఒకటి కాదు. 5.00000 అని చూపే మీటరు ఒక శాతం తప్పులో ఉంటే చివరి మూడు సున్నాలూ అలంకారమే.

దుకాణానికి వెళ్ళేటప్పుడు రెండు కొలత తీగలు, ఒక కొత్త 1.5 వోల్టుల సెల్లు, మీ చిన్న మీటరుతో ముందే కొలిచి పెట్టుకున్న రెండు మూడు ఒక శాతం రెసిస్టర్లు జేబులో వేసుకోండి. ప్లగ్గు పెట్టేముందు మీటరు వెనుకకు తిప్పి చూడండి. అమెరికా నుంచి వచ్చినదైతే వోల్టేజి అమరిక 120 దగ్గర ఉండవచ్చు. మన 230 వోల్టులు అందులోకి పోతే అదృష్టం ఉంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. అమరికను 220కో 240కో మార్చినప్పుడు ఫ్యూజును కూడా మీటరు వెనుక రాసి ఉన్న విలువకు మార్చాలి.

తెర వెలిగాక అంకెల్లోని ప్రతి గీతా వెలుగుతోందా చూడండి. 1990ల తొలినాళ్ళలో వచ్చిన 34401ఎ వంటి మీటర్లలో తెర తనంతట తాను వెలుగునిచ్చే రకం. రాత్రింబవళ్ళు ఏళ్ళ తరబడి వెలిగినవి మసకబారి ఉంటాయి. లోపలి భాగాలు ఎంత బాగున్నా పగటి వెలుతురులో అంకెలు కనబడకపోతే దాని ధర తగ్గాల్సిందే.

తరువాత సెల్లు కొలవండి, రెసిస్టర్లు కొలవండి. తీగలు రెండూ గాలిలో వదిలేస్తే అంకెలు తమంతట తాము పాకుతూ కనిపించవచ్చు. బేరం కోసం దాన్ని లోపంగా చూపవద్దు, అది లోపం కాదు. మంచి బెంచి మీటర్ల చిన్న రేంజిల్లో ప్రవేశ నిరోధం వెయ్యి కోట్ల ఓములకు పైనే ఉంటుంది. అంత నిరోధం ముందు గాలిలోని ఏ కాస్త ఆవేశమైనా కనబడుతుంది. తీగలు రెండూ కలిపి పట్టుకోండి, సున్నాకు రావాలి. రాకపోతే అప్పుడు అనుమానించండి.

ప్రవాహం కొలిచే సాకెట్ పనిచేయకపోవడం చాలా మామూలు. ఎవరో ఆ సాకెట్లో తీగ పెట్టి వోల్టేజి కొలవబోయారు, ఫ్యూజు పోయింది, అంతే. ఫ్యూజు పోవడం మంచి వార్తే. పోయిన ఫ్యూజు చుట్టూ రాగి తీగ చుట్టి ఉంటే మాత్రం జాగ్రత్తపడండి. ఆ తీగ చుట్టిన చేయి లోపల ఇంకా ఏమేం చేసి ఉంటుందో ఊహించలేం.

మూత తీస్తే

ఈ పని ఒంటరిగా చేయవద్దు. అధ్యాపకుడో, అనుభవం ఉన్న మెకానిక్కో పక్కన ఉండాలి. ప్లగ్గు పూర్తిగా తీసేసి, కెపాసిటర్లలోని ఆవేశం తగ్గడానికి కొన్ని నిమిషాలు ఆగి, పెద్ద కెపాసిటర్ల మీద వోల్టేజి మిగిలి ఉందేమో మీ చిన్న మీటరుతో చూసి, అప్పుడే లోపల చేయి పెట్టాలి.

మొదట చూడవలసింది కరెంటు లోపలికి వచ్చే చోటు. సరఫరాలోని అలజడిని వడపోయడానికి రెండు తీగల మధ్య ఒక కెపాసిటర్ పెడతారు. ఆ కాలపు అనేక పరికరాల్లో అది కాగితం పొరలతో చేసి, పసుపు ఛాయ గల పారదర్శక రెజిన్‌లో పోతపోసినదై ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రెజిన్ మీద సన్నటి పగుళ్ళు వస్తాయి. పగుళ్ళలోంచి తేమ లోపలి కాగితానికి చేరుతుంది. విశాఖ, కాకినాడ, చెన్నై వంటి తీరప్రాంతాల గాలిలో ఉన్నదానికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఏళ్ళ తరబడి అటక మీద ఉన్న మీటరుకు ఒక రోజు ప్లగ్గు పెడితే కాసేపు బాగానే ఉండి, ఉన్నట్టుండి ఢామ్మని ఘాటైన పొగ వస్తుంది. పగుళ్ళు కనబడితే ఆలోచించకుండా మార్చండి. మార్చేటప్పుడు అదే విలువ గల ఎక్స్2 తరగతి కెపాసిటర్‌నే వేయాలి. మామూలు కెపాసిటర్ చెడితే రెండు కొసలూ కలిసిపోయి నిప్పు రావచ్చు. ఎక్స్2 తరగతిని సరఫరా తీగల మధ్య ఉండటానికే పరీక్షించి అమ్ముతారు.

తరువాత విద్యుత్ సరఫరా విభాగంలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. లోపలి ద్రవం ఎండిపోతే వాటి ధారణ సామర్థ్యం తగ్గుతుంది. పైభాగం ఉబ్బినా, అడుగున జిగురులాంటి తడి కనబడినా మార్చాల్సిందే. చూడటానికి బాగుంటే అలాగే ఉండనివ్వండి. పాతవన్నీ పీకి కొత్తవి వేస్తేనే మరమ్మతు అనుకునేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. పీకిన ప్రతిచోటా బోర్డు మీది రాగి గీత లేచిపోయే అవకాశం ఉంది.

మరమ్మతు తరువాత మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు రేడియో మెకానిక్కుల పాత అలవాటు పాటించండి. 60 వాట్ల ఫిలమెంటు బల్బును మీటరుతో శ్రేణిలో పెట్టండి. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, మీటరు బతికిపోతుంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు.

స్విచ్చుల మీది మకిలిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోనో, కాంటాక్ట్ క్లీనర్‌తోనో కడగండి. ఉప్పుకాగితంతో రుద్దితే పైనున్న పలుచటి బంగారు పూత పోతుంది. ప్రవేశ సాకెట్ల దగ్గర బోర్డు మీద వేలిముద్రలు కూడా మిగలకూడదు. మన చెమటలోని ఉప్పు, గాలిలోని తేమ కలిసి అక్కడ 10 కోట్ల ఓముల దారి ఏర్పరిచాయనుకోండి. మీరు 1 కోటి ఓముల రెసిస్టర్ కొలిస్తే మీటరు 90 లక్షల 90 వేలు చూపిస్తుంది. చెడిన భాగం ఒక్కటీ లేకుండానే తొమ్మిది శాతం తప్పు!

బ్యాటరీలో దాచిన జ్ఞాపకం

ఇప్పుడు అన్నిటికన్నా సున్నితమైన సంగతికి వద్దాం. ప్రతి మీటరులోని రెసిస్టర్లూ యాంప్లిఫయర్లూ ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి. ఆ తేడాను సరిదిద్దడాన్నే కాలిబ్రేషన్, అంటే క్రమాంకనం అంటారు. ఇంకా పాత మీటర్లలో దీనికి చిన్న మరలు తిప్పేవారు. 3478ఎలో మరలకు బదులు సంఖ్యలు వచ్చాయి. క్రమాంకనశాలలో తెలిసిన వోల్టేజి ఇస్తారు. మీటరు ఎంత చూపిందో, ఎంత చూపాలో పోల్చి, ఒక్కో రేంజికి ఒక్కో సవరణ సంఖ్యను చిన్న మెమరీలో రాసుకుంటుంది. 256 గళ్ళు, గడికి నాలుగు బిట్లు, అంతే ఆ మెమరీ.

కరెంటు తీసేస్తే ఆ మెమరీ చెరిగిపోతుంది. చెరగకుండా కాపాడుతున్నది బోర్డు మీద సోల్డరు చేసి ఉన్న ఒక 3 వోల్టుల లిథియం సెల్లు. మీటరు వయసు నలభై ఏళ్ళయితే, ఎవరూ మార్చకపోతే, ఆ సెల్లు వయసూ అంతే. మరమ్మతు చేసేవాడు మూత తీసి, "అబ్బో, ఎంత పాత సెల్లో" అని జాలిపడి, దాన్ని పీకి కొత్తది వేశాడంటే ఆ కొద్ది క్షణాల్లో సవరణ సంఖ్యలన్నీ పోతాయి. క్రమాంకనం పోయిన మీటరు కూడా వెలుగుతుంది, అంకెలు చూపిస్తుంది. వాటికి అర్థం మాత్రం ఉండదు.

కాబట్టి ముందు ఆ సంఖ్యలను నకలు తీయాలి. మీటరు వెనుక హెచ్‌పీ-ఐబీ అనే వెడల్పాటి సాకెట్ ఉంటుంది. ఆర్డుయినో బోర్డుతో చేసుకోగలిగిన చిన్న అనుసంధానంతో ఆ సాకెట్ గుండా 256 గళ్ళనూ ఒక్కొక్కటిగా చదివి కంప్యూటరులో దాచుకోవచ్చు. రెండు కాపీలు పెట్టుకోండి.

నకలు తీశాకే సెల్లు మార్చే పని. మీటరు ప్లగ్గు తీసి ఉండాలి. రెండు మామూలు 1.5 వోల్టుల సెల్లులను శ్రేణిలో కలిపి, ఒక షాట్‌కీ డయోడ్ గుండా, ధన రుణ కొసలు తప్పకుండా పాత సెల్లుకు సమాంతరంగా తాత్కాలికంగా కలపాలి. పాతది తీసినా మెమరీకి ఈ జంట ఊపిరి పోస్తుంది. ప్రవాహం ఎదురు తిరిగి సెల్లులోకి పోకుండా డయోడ్ ఆపుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ను బాగా వేడిచేసి, దాని ప్లగ్గు కూడా తీసేసి, అప్పుడే బోర్డుకు తాకించండి. కొత్త సెల్లు అతికాక తాత్కాలిక జంటను విప్పేయవచ్చు.

మీటరు ముందున్న క్రమాంకన స్విచ్చు జోలికి మాత్రం పోకండి. అది తెరిచి ఉన్నప్పుడు బటన్లతో ఆడితే మంచి సంఖ్యల మీద చెడ్డ సంఖ్యలు రాసినట్టవుతుంది. 34401ఎలో ఈ బెడద లేదు. కరెంటు లేకున్నా చెరగని మెమరీలో దాని సంఖ్యలు ఉంటాయి. రెండింటిలో ఏది కొనాలని అడిగితే, తెర బాగుంటే 34401ఎ అనే చెబుతాను.

అబద్ధాన్ని పట్టుకోవడం

క్రమాంకనశాలకు వెళ్ళకుండా ఇంట్లోనే మీటరును ఎంతవరకు ప్రశ్నించవచ్చు? మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే. రెండు 1.5 వోల్టుల సెల్లులు తీసుకోండి. మొదటిది 1.58213 చూపిందనుకుందాం. తీగలు తారుమారు చేయండి. అదే సంఖ్య మైనస్ గుర్తుతో రావాలి. తేడా వస్తే అందులో సగం మీటరు సున్నాలోని లోపం. రెండోది 1.57944 అయితే రెండింటినీ శ్రేణిలో పెట్టినప్పుడు మొత్తం 3.16157 రావాలి. 3478ఎలో 3 వోల్టుల రేంజి దాటి 30 వోల్టుల రేంజిలోకి పోతాం కనుక 3.1616 అని కనబడుతుంది. ఈ చిన్న కూడికతో రెండు రేంజిలు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయో లేదో తేలిపోయింది. సెల్లులను చేత్తో పట్టుకోకండి, ఒంటి వేడికి వాటి వోల్టేజి కదులుతుంది.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన మీటరు నిజమే చెబుతోందా? ఇందాకటి తూమును గుర్తు తెచ్చుకోండి. ప్రమాణ వోల్టేజి మారిపోయి మీటరు అన్నిటినీ ఒక శాతం ఎక్కువ చూపుతోందనుకోండి. మొదటి సెల్లు 1.59795, రెండోది 1.59523, మొత్తం 3.1932. కూడిక చక్కగా సరిపోయింది! తీగలు తిప్పినా సరిపోతుంది. సొంత లోపలి పొందికను చూసి ఈ రకం తప్పును పట్టుకోవడం అసాధ్యం. బయటి సాక్షి ఒకరు కావాలి.

ఆ సాక్షుల వరుసలో అందరికన్నా పైన ఉన్నది ప్రకృతే. రెండు అతివాహకాల మధ్య పలుచటి పొర ఉన్న జోసెఫ్‌సన్ సంధి మీద మైక్రోతరంగాలు ప్రసరింపజేస్తే దాని వోల్టేజి ఖచ్చితమైన మెట్లుగా ఏర్పడుతుంది. మెట్టు ఎత్తు తరంగ పౌనఃపున్యం మీద, ప్లాంక్ స్థిరాంకం మీద, ఎలక్ట్రాన్ ఆవేశం మీద మాత్రమే ఆధారపడుతుంది. చివరి రెండింటి విలువలనూ 2019 మే 20 నుంచి ఇక మారనివిగా స్థిరపరిచారు. మన దేశంలో ఈ ప్రమాణాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తుంది. గుర్తింపు పొందిన క్రమాంకనశాలల ప్రమాణాలను దానితోనో, అలాంటి మరో జాతీయ ప్రమాణంతోనో ముడిపడేలా సరిచూస్తారు. ఆ శాలల్లో మన మీటరును సరిచూస్తారు.

పాత మీటరుకు పెట్టిన ధరకన్నా క్రమాంకనానికే ఎక్కువ అడిగినా ఆశ్చర్యపోకండి. నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఒక్క మీటరును పంపి, అది తిరిగి వచ్చాక మిగతావాటిని దానితో పోల్చుకోవడం నయం. కాలేజీ ప్రయోగశాలలో ఈమధ్యే క్రమాంకనం జరిగిన మీటరు ఉంటే ఖర్చే లేదు. రెండింటినీ గంటసేపు వేడెక్కనిచ్చి, ఒకే సెల్లుకు సమాంతరంగా కలిపి, సంఖ్యలు పక్కపక్కనే రాసుకోండి. తేడా కనబడినా సవరణ సంఖ్యలను ముట్టుకోవద్దు. ఎంత తేడా ఉందో, ఏ రేంజిలో, ఏ తేదీన చూశారో ఒక చీటీ మీద రాసి మీటరు మూతకు అంటించండి. ఆరు నెలల తరువాత మళ్ళీ పోల్చండి. తేడా అంతే ఉంటే మీటరు నిలకడగా ఉన్నట్టు, ప్రతి రీడింగులోంచి ఆ తేడా తీసేసి వాడుకోవచ్చు. తేడా పెరుగుతూ పోతుంటే మళ్ళీ మూత తీయాల్సి ఉంటుంది.